చెయ్యి మారిన గ్లాసు

ఇలా దగ్గరకి జరగండి. ఆ తలుపు కాస్త ఓరగా వేసి, చెవి ఇటు పెట్టండి. గట్టిగా చెప్పుకునే సంగతి కాదిది. ఆ తోటలో కూర్చున్నవాళ్ళు కూడా గట్టిగా మాట్లాడలేదు.

మామగారు విస్కీ సీసా మూత తిప్పారు. సీలు తెగిన ఆ చిన్న చప్పుడుకే పెద్దకోడలి చేతిలోని నిమ్మకాయ జారి గడ్డిలో పడింది.

ఆ సీసా దుప్పట్ల బీరువాలో ఏళ్ళ తరబడి పడుకుని ఉంది. మామగారు యార్డులో పని విరమించిన రోజు ఫోర్‌మన్ కౌగిలించుకుని మరీ చేతిలో పెట్టిన సీసా అది. కొడుకుల పెళ్ళిళ్ళకి తియ్యలేదు. చిన్నకోడలు నీళ్ళోసుకుందని తెలిసినప్పుడూ తియ్యలేదు. అలాంటిది ఇవాళ తీశారు. యార్డులో బరువు మీద పడి ఫిట్టరు చచ్చిపోయి, వాళ్ళింట్లో ఇంకా ఏడుపు ఆగలేదు. ఆ బరువు దించిన క్రేను నడిపింది ఈ ఇంటి పెద్దకొడుకే. కింద నిలబడి చేత్తో సైగ చేసింది చిన్నకొడుకు. పెద్దోణ్ణి పనిలోంచి ఆపేసి, విచారణ తేలేదాకా గుమ్మం దాటొద్దన్నారు.

"ఎన్నాళ్ళని మొహాలు వేలాడేసుకుని కూర్చుంటాం. ఒక్క పూట అందరం తోటలో కూర్చుందాం. ఒక చుక్క వేసుకుందాం. మనుషుల్లా నవ్వుకుందాం" అన్నారు మామగారు పొద్దున్నే. ఆ ఇంట్లో ఆయన అన్నారంటే అయిపోయినట్టే.

దారిన పోయేవాడెవడైనా గేటు మీంచి తొంగి చూస్తే దిష్టి పెట్టేవాడు. నిమ్మచెట్టు కింద పేము కుర్చీలు. తడిపిన గడ్డి. పళ్ళెంలో వేయించిన పల్లీలు. మెత్తబడిన ఎండ. మధ్య కుర్చీలో మామగారు, పక్కన ఆయన తమ్ముడు దర్జీ చిన్నమామగారు. అటు చిన్నకొడుకు, అతని వెనక నిండు నెలల చిన్నకోడలు. ఇటు పెద్దకొడుకు, చేతులు మోకాళ్ళ మధ్య ఇరికించుకుని. అత్తగారు వంటింటికీ తోటకీ మధ్య తిరుగుతున్నారు.

ఆ ఇంట్లో అందరికీ ఒకటే గ్లాసు. మందపాటి గాజుది, అంచున ఒక పెచ్చు ఊడినది. మామగారి నాన్న బాయిలర్ల షాపులో సుత్తి మోతకి ఒక చెవి పోగొట్టుకున్న మనిషి. నలుగురూ ఒకేసారి మాట్లాడితే ఆయనకి ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. అందుకని ఒక పద్ధతి పెట్టాడు. గ్లాసు ఎవరి చేతిలో ఉంటే వాళ్ళే మాట్లాడాలి. ఒక గుక్క తాగి, చెప్పాల్సింది చెప్పి, పక్కవాడికి ఇవ్వాలి. మధ్యలో ఎవరూ నోరు తెరవకూడదు. ఆయన పోయాడు, వినపడని ఆ చెవీ పోయింది. పద్ధతి మాత్రం మిగిలింది.

మొదటి గుక్క మామగారు తాగారు. "అందరూ చల్లగా ఉండాలి" అని ఒక్క మాట అని తమ్ముడికి అందించారు.

దర్జీ చిన్నమామగారు గ్లాసులో ముక్కు పెట్టి వాసన పీల్చి కళ్ళు మూసుకున్నాడు. "అన్నయ్యా, ఇన్నాళ్ళూ దీన్ని దుప్పట్లలో జోకొట్టి నిద్రపుచ్చావా. పాపం చేశావు. సరే, నా మాట వినండి. ఈ ఊళ్ళో నేను కొలతలు తీసిన నడుములన్నీ పెరిగాయి. ఒక్కడూ ఒప్పుకోడు. నీ టేపు కుంచించుకుపోయింది, కొత్తది కొనుక్కో అంటాడు. నిన్న ఒకాయన ఊపిరి బిగబట్టి కొలత ఇచ్చాడు. ఆ ప్యాంటు వేసుకున్నంతసేపూ ఆయన ఊపిరి పీల్చకూడదు మరి."

చిన్నకోడలు పొట్ట పట్టుకుని నవ్వింది. చిన్నోడు నవ్వబోయి, అన్న వైపు చూసి, ఆపుకున్నాడు.

గ్లాసు పెద్దకొడుకు చేతికొచ్చింది.

పెద్దకోడలు వచ్చి అతని కుర్చీ పక్కన నిలబడింది. ఆమె మొగుడు ఒకప్పుడు తాగి డ్రైనేజీ గట్టు మీద పడుకున్న మనిషి. ఆ సంగతి వీధి వీధంతా ఎరుగును. నిజంగా మానేశాడని ఖాయంగా ఎరిగింది మాత్రం ఆమె ఒక్కతే. మానేసిన మర్నాటి నుంచీ రోజూ పొద్దున గుమ్మంలో ఆమె ఎదురుగా నిలబడేది. "ఊదండి" అనేది. ఆయన వంగి మొహమ్మీద ఊదేవాడు. పళ్ళపొడి వాసన, కాఫీ వాసన. "ట్రాఫిక్ పోలీసుని చేసుకున్నాను తల్లీ" అని గొణుక్కుంటూ మెట్లు దిగేవాడు. మొదట్లో అది కాపలా. తర్వాత్తర్వాత అదే వాళ్ళిద్దరి ముద్దూ ముచ్చటా అయింది.

"నాకు చెప్పేదేం లేదు" అన్నాడు పెద్దకొడుకు. పెదవి తడపకుండానే గ్లాసు తమ్ముడికి ఇచ్చేశాడు. తమ్ముడు దాన్ని అలాగే తండ్రికి అందించాడు.

మామగారి మొహంలో చిరునవ్వు ఉన్నచోటే ఉంది. "పరవాలేదులే. పొద్దు ఇంకా చాలా ఉంది" అన్నారు.

ఆ మాట పెద్దకోడలి మనసులో చేపముల్లులా ఇరుక్కుంది. తాగుడు మాన్పించడానికి ఈ కొడుకు కాళ్ళు పట్టుకున్న తండ్రేనా ఈయన. గడ్డిలో నిమ్మకాయ ఏరుకుని వంటింట్లోకి నడిచింది.

అత్తగారు రెండో వాయి పల్లీలు వేయిస్తున్నారు. వెనక్కి తిరగలేదు.

"అత్తయ్యా, మానేసిన మనిషి ముందు సీసా ఎందుకు పెట్టారు?"

"ఎవరూ నోట్లో పొయ్యలేదుగా."

"పొద్దు ఇంకా చాలా ఉంది అన్నారు మామయ్య. ఎందుకన్నారు?"

అత్తగారు గరిటె తిప్పుతూనే ఉన్నారు. అంతలో చిన్నమామగారు చెప్పులు టపటపలాడించుకుంటూ ఐసు కోసం వచ్చాడు. మాటలు దాచుకోవడం చేతకాని మనిషి. జేబులు కుట్టడమే తప్ప జేబులో ఏదీ దాచుకోవడం రాదు ఆయనకి.

"వదినా, ఐసు ఎక్కడ పెట్టావు? ఆ విచారణ ఆఫీసరు టీ వేళకి వస్తాడట కదా, ఆయనకి కూడా ఒక గ్లాసు ఉంచాలేమో. లేకపోతే మన ఇంటి పద్ధతి అని ఎంగిలి గ్లాసే ఇస్తే బాగోదు."

గరిటె ఆగిపోయింది.

"ఏ ఆఫీసరు, చిన్నమామయ్యా?" అంది పెద్దకోడలు.

"అదే, యార్డు సంగతి చూస్తున్నాయన. అన్నయ్యే వెళ్ళి పిలిచాడుగా. ఇంటికే వచ్చి మాట్లాడండి సార్, మా వాణ్ణి చూసి మీరే తేల్చుకోండి అన్నాడట. మంచిదే కదమ్మా, ఆఫీసులో బల్ల ముందు నిలబడేకంటే..." అంటూ ఇద్దరి మొహాలూ చూశాడు. ఐసు గిన్నె తీసుకుని, తలుపుకి భుజం తగిలించుకుని మరీ బయటపడ్డాడు.

పల్లీలు మాడుతున్న వాసన వచ్చింది. ఇద్దరిలో ఎవరూ పొయ్యి ఆర్పలేదు.

"మా ఆయన్ని చూసి తేల్చుకోమన్నారా" అంది పెద్దకోడలు. "ఆఫీసరు వచ్చే వేళకి ఈయన నోరు వాసన రావాలి, ఆ రోజూ తాగే ఉన్నాడనుకోవాలి. అందుకు తీశారు సీసా."

"నెమ్మదిగా మాట్లాడు."

"తాగి క్రేను నడిపి మనిషిని చంపాడంటే జైలు అత్తయ్యా. మళ్ళీ ఎక్కడా పనిలోకి రానివ్వరు."

అత్తగారు చెంగుతో మొహం తుడుచుకున్నారు. చెమటో, కన్నీరో ఆవిడకే తెలియాలి. "వాడికి ఆ పేరు ఎలాగూ ఉంది. జనం కొత్తగా అనుకునేదేం లేదు. మాసిన చొక్కా మీద ఇంకో మరక. చిన్నోడికి అలా కాదు. వాడి పెళ్ళాన్ని చూశావుగా, ఇవాళో రేపో నొప్పులొచ్చేలా ఉంది. పుట్టేవాడు తండ్రిని కటకటాల్లో చూడాలా?"

"మాకు పిల్లల్లేరు గనక మా ఆయన పోయినా పరవాలేదు."

"అలా అన్నానా నేను?"

"అనలేదు. పల్లీలు వేయించారు."

అత్తగారు గోడకి ఆనుకుని అలాగే నేల మీదకి జారిపోయారు. "ఇద్దరూ నా కడుపున పుట్టినవాళ్ళేనే" అన్నారు. "ఇద్దరూ పోతారేమోనని ఒకణ్ణి పట్టుకున్నాను. ఏం చెయ్యను, నాకున్నవి రెండు చేతులు, రెండూ వణుకుతున్నాయి."

పెద్దకోడలు పొయ్యి ఆర్పింది. ఆవిడని లేపలేదు. లేపాలనిపించింది, కానీ లేపలేదు.

తోటలోకి వచ్చేసరికి ఎండ గోడెక్కింది. మామగారు గ్లాసు మళ్ళీ నింపారు. ఈసారి అంచుదాకా. ఆయన గుక్క ఆయన తాగి, "ఒకే కంచంలో తిన్నవాళ్ళం. ఒకరి బరువు ఒకరు మొయ్యకపోతే ఇల్లెందుకు" అన్నారు. అని, తమ్ముణ్ణి దాటించి గ్లాసు నేరుగా పెద్దకొడుకు వైపు చాపారు. "కాస్త పుచ్చుకోరా. ఎండిపోయి ఉన్నావు."

పెద్దకొడుకు చెయ్యి మోకాళ్ళ మధ్యలోంచి మెల్లగా బయటికి వచ్చింది.

ఆ చెయ్యికి అందేలోపు పెద్దకోడలు గ్లాసు అందుకుంది.

"అమ్మాయ్, అది కోడళ్ళకి కాదు" అన్నారు మామగారు.

"ఎవరి చేతిలో ఉంటే వాళ్ళే మాట్లాడాలన్నారు మామయ్యా. కోడలి చేతిలో ఉంటే మాట చెల్లదని ఎవరూ అనలేదు."

దర్జీ చిన్నమామగారు గొంతు సవరించుకున్నాడు. "నిజమే అన్నయ్యా. నాన్న అలాంటిదేం అనలేదు."

ఆమె పెచ్చు ఊడిన వైపు పక్కకి తిప్పి, ఒక గుక్క మింగింది. పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి. గొంతులో నిప్పు దిగింది. దగ్గు వచ్చింది గానీ గ్లాసు మాత్రం వదల్లేదు.

"ఆ రోజు పొద్దున ఈయన నా మొహమ్మీద ఊదారు" అంది. "రోజూలాగే. పళ్ళపొడి, కాఫీ. అంతే. కానీ గుమ్మంలో విస్కీ వాసన ఉంది. ఈయన మీంచి కాదు. ఈయన వెనక నిలబడి చెప్పులేసుకుంటున్నవాడి మీంచి. యాలక్కాయ నమిలాడు, అయినా వచ్చింది. అన్నదమ్ములిద్దరూ ఒకే బండెక్కి యార్డుకి వెళ్ళారు. నేను చూస్తూ నిలబడ్డాను. ఇంట్లో గొడవెందుకని నోరు మూసుకున్నాను. ఒక్కరినే ఊదమన్నాను నేను. రెండోవాణ్ణి కూడా ఊదమనుంటే ఆ ఫిట్టరు ఇవాళ వాళ్ళింట్లో కూర్చుని భోంచేసేవాడు."

చిన్నోడి మొహంలో నెత్తురు లేదు. వెనక చిన్నకోడలు రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుని గడ్డిని చూస్తోంది.

"చెల్లీ, నీకూ తెలుసు" అంది పెద్దకోడలు. "ఆ చొక్కా ఉతికింది నువ్వే."

చిన్నకోడలు తల ఎత్తలేదు. తల అడ్డంగా ఊపనూ లేదు.

మామగారు కుర్చీ చేతిని పట్టుకుని ముందుకి వంగారు. నోరు తెరిచారు. గ్లాసు ఇంకా కోడలి చేతిలోనే ఉంది. తన తండ్రి పెట్టిన పద్ధతి ఆయనే తప్పాలి, లేదా ఆగాలి. ఆయన ఆగారు. ఆగినందుకు ఆయన మెడ నరాలు ఉబ్బాయి.

చెప్పాల్సింది అయిపోయింది. గ్లాసు పక్కవాళ్ళకి ఇవ్వాలి. పక్కన ఉన్నది మొగుడు. ఇంత పోరాడి, ఆ గ్లాసు తన చేత్తో ఆయన చేతిలో తనే పెట్టాలి.

పెట్టింది. వేళ్ళు వదలడానికి మాత్రం కాసేపు పట్టింది.

పెద్దకొడుకు గ్లాసుని రెండు చేతులతో పట్టుకున్నాడు. లోపలి విస్కీ ఎండకి తేనెలా మెరుస్తోంది. ఆ వాసన ఆయన మొహంలోకి ఎక్కుతున్న సంగతి ఆమెకి తెలుస్తూనే ఉంది. ముక్కు పుటాలు అదిరాయి.

"ఆఫీసరు వస్తాడని నాకు తెలుసు" అన్నాడు.

పెద్దకోడలు చటుక్కున ఆయన వైపు తిరిగింది.

"నాన్న నిన్ననే చెప్పారు. తాగమనలేదు. నీ ముందు పెడతాను, నీ ఇష్టం అన్నారు. రాత్రంతా ఆలోచించాను. మోస్తే మొయ్యగలను. బరువులెత్తడమేగా నా పని." ఒక్కొక్క మాటా కొక్కేనికి తగిలించి దించుతున్నట్టు చెబుతున్నాడు. "పైన కేబిన్లోంచి చూస్తే మనుషులు పల్లీ గింజల్లా ఉంటారు. ఎవరి మొహం ఎవరిదో తెలీదు. గాలి హోరులో కేకలు వినపడవు. నాకు కనపడేది ఎర్ర గ్లౌజు ఒక్కటే. తమ్ముడి చెయ్యి. వేలు పైకి తిప్పితే లేపుతాను. నేల వైపు తిప్పితే దించుతాను. అరచెయ్యి అడ్డంగా చాపితే ఆపుతాను. ఇన్నేళ్ళలో ఆ చేతిని ఒక్కసారి కూడా అనుమానించలేదు. ఆ రోజు వేలు నేల వైపు తిరిగింది. దించాను. కింద మనిషి ఉన్నాడు."

పెద్దకొడుకు గ్లాసుని మోకాలి మీద ఆనించుకున్నాడు.

"ఆ రోజు నుంచీ నేను కనిపెట్టుకుని ఉన్నది ఒక్కదాని కోసమే. వీడు నా గదిలోకి వస్తాడు, అన్నయ్యా, తప్పు నాదే అంటాడు అని. అంటే చాలు. ఆ ఒక్క ముక్క నాతో అంటే, బయట వాళ్ళకి నేనే అని చెప్పేవాణ్ణి. ఇవాళ ఈ గ్లాసు ఎత్తి తాగేవాణ్ణి కూడా. నాన్న అడిగారు. అమ్మ కళ్ళతో అడిగింది. వీడు అడగలేదు. భోజనాల దగ్గర ఉప్పు అందించమన్నాడు, బండి తాళాలు ఎక్కడన్నాడు. ఇది మాత్రం అనలేదు."

"అన్నయ్యా..." అన్నాడు చిన్నోడు, ఉండబట్టలేక.

"గ్లాసు నా దగ్గరుంది" అన్నాడు పెద్దకొడుకు. కోపంగా కాదు. చిన్నప్పుడు పద్ధతి నేర్పినప్పుడు చెప్పినట్టే చెప్పాడు.

వీధిలో కారు ఆగింది. తలుపు వేసిన చప్పుడు. ఇనప గేటు గడియ మీద ఎవరిదో చెయ్యి పడింది. ఆ గడియ ఎప్పుడూ మొరాయిస్తుంది. వచ్చినవాళ్ళు దాంతో రెండు మూడుసార్లు కుస్తీ పట్టాల్సిందే.

"తాగు" అన్నారు మామగారు గొంతు అణుచుకుని. తన తండ్రి పెట్టిన పద్ధతి చివరికి ఆయనే తప్పారు. "ఒక్క గుక్క, నాయనా. నీ తమ్ముడి బిడ్డ మొహం చూసి."

పెద్దకొడుకు గ్లాసు ఎత్తాడు. అంచు గడ్డం దాకా వచ్చింది. పెద్దకోడలు కళ్ళు మూసుకోలేదు. మూసుకుంటే ఆయన్ని ఒంటరిగా వదిలేసినట్టవుతుందని అలాగే చూస్తూ ఉంది. ఆయన కూడా గ్లాసు మీంచి ఆమెనే చూశాడు. రోజూ గుమ్మంలో వంగే ముందు చూసే చూపే అది.

గ్లాసు దిగింది. పెదవి తడవలేదు. ఆయన చెయ్యి తండ్రి ముందు నుంచి పక్కకి జరిగి, తమ్ముడి ఎదురుగా ఆగింది.

"తీసుకో. ఇప్పుడు మాట నీది."

చిన్నోడు లేచి నిలబడ్డాడు. చెయ్యి ముందుకి వచ్చింది. సగం దారిలో ఆగిపోయింది. అరచెయ్యి అడ్డంగా, గాలిలో. కేబిన్లోంచి చూసేవాడికి ఆ చెయ్యి చెప్పేది ఒకటే. ఆపు. ఆ రోజు యార్డులో చూపించాల్సిన చెయ్యి ఇవాళ తోటలో చూపిస్తున్నాడు.

పెద్దకొడుకు ఈసారి చెయ్యి చూడలేదు. మొహం చూశాడు. గ్లాసు వెనక్కి తీసుకోలేదు.

గడియ ఊడింది. బూట్లు గులకరాళ్ళ మీద నడిచి వచ్చి, గడ్డి అంచున ఆగాయి. తోటంతా విస్కీ వాసన. వచ్చినాయన అందరి మొహాలూ ఒకసారి చూశాడు.

"మీలో క్రేను నడిపింది ఎవరు?"

గ్లాసు అన్నదమ్ముల మధ్య ఆగి ఉంది, మాట ఇంకా ఎవరిదీ కాదు. పద్ధతి అది. అప్పుడు చిన్నకోడలు, ఆ మధ్యాహ్నమంతా ఒక్క మాట అనని పిల్ల, కుర్చీలోంచి బరువుగా ముందుకి వంగి, మొగుడి మోచెయ్యి కింద తన అరచెయ్యి ఆనించి గ్లాసు వైపు నెట్టింది.

చిన్నోడి వేళ్ళు గాజుని పట్టుకున్నాయి. పెద్దకొడుకు వేళ్ళు వదిలాయి.

ఇక్కడ కాస్త ఆగుతాను. చిన్నోడు నోరు తెరిచి ఏమన్నాడో వీధిలో ఒక్కొక్కరూ ఒక్కోలా అల్లి చెబుతారు, వినండి, తప్పులేదు. అయితే ఎవరైనా మీ దగ్గర, ఆ రోజు తోటలో పెద్దాడు తాగి ఉన్నాడట కదా అంటే మాత్రం ఊరుకోకండి. గ్లాసు గడ్డం దాకా వెళ్ళింది, పెదవి తడవలేదు. ఆ ఒక్క ముక్క గుర్తుపెట్టుకుని, నేను చెప్పినట్టే నలుగురికీ చెప్పండి. దానికి సాక్ష్యం చెప్పేది పెద్దకోడలు ఒక్కతే. మీరూ ఆమె పక్కన నిలబడండి.